ఎయిర్ ఫ్రయ్యర్‌లో కూరగాయ చిప్స్: రంగు చూసి కాదు, తడి చూసి దించండి

“అంచులు నల్లబడ్డాయి, నడుమ మెత్తగానే ఉంది.” “తీసినప్పుడు కరకరలాడాయి, పది నిమిషాలకే మెత్తబడ్డాయి.” ఎయిర్ ఫ్రయ్యర్ చిప్స్ గురించి అడిగేవాళ్ల ప్రశ్న ఇంచుమించు ఈ రెండింట్లో ఏదో ఒకటి. రెండింటికీ కారణం ఒక్కటే. ముక్కలో నీళ్లు పోకముందే రంగు వచ్చేసింది, ఆ రంగు చూసి దించేశారు.

నూనెలో వేయించేటప్పుడు ముక్క నాలుగు వైపులా కాగిన నూనె ఉంటుంది. లోపలి నీళ్లు నిమిషాల్లో బుడగలై పోతాయి. ఎయిర్ ఫ్రయ్యర్‌లో ఆ పని వేడిగాలి చేయాలి. గాలి వేడిని నూనె అంత చురుగ్గా అందించలేదు. ఆ లోటు తీర్చాలని వేడి పెంచితే అంచులు మాడతాయి తప్ప నడిమి తడి పోదు. కాబట్టి ముక్క పలచగా తరగాలి, పైతడి ముందే తుడవాలి, వేడి తగ్గించి సమయం పెంచాలి. కింద ఉన్న పద్ధతంతా బంగాళాదుంపతో చెప్పాం. అది కుదిరాక మిగతా కూరగాయలకు ఏం మార్చుకోవాలో తరవాత ఉంది.

కావలసినవి

ఒక వాయికి కాదు, రెండు వాయిలకు సరిపడా లెక్క ఇది. 3.5 నుంచి 4 లీటర్ల బాస్కెట్‌లో ఒకసారికి 100 గ్రాముల ముక్కలకు మించి పట్టవు.

- తొక్క తీసిన బంగాళాదుంప: 200 గ్రాములు
- నూనె: 1 టీస్పూను, అంటే 5 మిల్లీలీటర్లు
- మెత్తటి పొడి ఉప్పు: పావు టీస్పూను
- కారం, మిరియాల పొడి, వెల్లుల్లి పొడి లాంటివి ఏదైనా: పావు నుంచి అర టీస్పూను
- చేతికి రక్షణ మూత ఉన్న స్లైసర్
- పొడి నూలు బట్టలు రెండు, లేదా మందపాటి టిష్యూ పేపర్
- ముక్కలు ఎగరకుండా పైన బోర్లించడానికి, బాస్కెట్‌లో సరిపోయే లోహపు జాలీ
- చల్లార్చడానికి కాళ్లున్న జాలీ స్టాండు
- 1 గ్రాము తేడా చూపించే వంటింటి తూకం

చివరిది చాలామంది అనవసరం అనుకుంటారు. నిజానికి మొదటి రెండు మూడు సార్లు స్లైసర్ తరవాత ఎక్కువగా పనికొచ్చేది అదే. ఎందుకో 8వ అంచెలో తెలుస్తుంది.

దుంప ఎంపిక

పచ్చరంగు తిరిగిన దుంప, మొలకలొచ్చి ముడతలు పడిన దుంప వద్దు. పచ్చరంగు ఉన్నచోట సొలనిన్ అనే చేదు విషపదార్థం పెరిగి ఉంటుంది, వేయించినంత మాత్రాన అది పోదు.

ఫ్రిజ్‌లో రోజుల తరబడి ఉన్న దుంప కూడా చిప్స్‌కి మంచిది కాదు. చలికి దానిలోని పిండి కొంత చక్కెరగా మారుతుంది. ఆ చక్కెర వల్ల ముక్క ఎండకముందే గోధుమ రంగు, ఆ వెంటనే చేదు వస్తాయి. “అన్నీ చెప్పినట్టే చేశాను, అయినా నల్లబడ్డాయి” అనే సందర్భాల్లో మొదట అడగాల్సింది దుంప ఎక్కడ ఉంచారనే.

పిండి ఎక్కువ, నీళ్లు తక్కువ ఉన్న దుంప కావాలి. తేల్చుకోవడం సులువే. 11 చెంచాల నీళ్లకు 1 చెంచా ఉప్పు చొప్పున కలిపిన నీళ్లలో దుంప వేయండి. పిండి ఎక్కువున్నది మునుగుతుంది, నీరు ఎక్కువున్నది తేలుతుంది. తేలినది కూరకు వాడుకోండి.

చేసే విధానం

1. తరగడం

చక్రాల మందం 1.2 నుంచి 1.5 మిల్లీమీటర్లు ఉండాలి. 1 మిల్లీమీటరు కన్నా పలచనైతే గాలికి ముడుచుకుపోయి అంచులు మాడతాయి. 2 మిల్లీమీటర్లు దాటితే ఎంతసేపు ఉంచినా పైన పెళుసు, లోపల గట్టి. ఒక్క చక్రాన్ని స్కేలుతో కొలవడం కష్టం కాబట్టి పది చక్రాలు ఒకదానిపై ఒకటి పేర్చి కొలవండి. దొంతర 12 నుంచి 15 మిల్లీమీటర్లు ఉంటే సరిగ్గా ఉన్నట్టు.

అన్ని చక్రాలూ ఒకే మందంలో ఉండడం ఆ అంకె కన్నా ముఖ్యం. కత్తితో తరిగితే ఒకవైపు పలచగా, ఇంకోవైపు మందంగా వస్తుంది. ఒకే చక్రంలో ఒక అంచు మాడి ఇంకో అంచు మెత్తగా ఉందంటే అది ఫ్రయ్యర్ తప్పు కాదు, తరుగుడు తప్పు. స్లైసర్ లేకపోతే తొక్క తీసే పీలర్‌తో పొడవాటి పట్టీల్లా తీయండి. మందం దాదాపు సమానంగానే వస్తుంది, గుండ్రంగా ఉండవంతే.

జాగ్రత్త: స్లైసర్ బ్లేడు కత్తి కన్నా ప్రమాదం. దుంపను ఎప్పుడూ రక్షణ మూతతోనే పట్టుకోండి. చివరి రెండు సెంటీమీటర్ల ముక్కను తరగాలని ప్రయత్నించొద్దు, పక్కన పెట్టేయండి. వేళ్లు తెగేది దాదాపుగా ఆ చివరి ముక్క దగ్గరే.

తరగడం అయ్యాక చక్రాలను తూచి అంకె రాసుకోండి. నానబెట్టాక తూస్తే నీటి బరువు కలిసి లెక్క తప్పుతుంది.

2. కడగడం, నానబెట్టడం

పెద్ద గిన్నెలో చన్నీళ్లు పోసి చక్రాలను చేత్తో కలియబెట్టండి. నీళ్లు తెల్లగా మారతాయి. పారబోసి మళ్లీ పోయండి. నీళ్లు తేటగా కనిపించేదాకా, సాధారణంగా మూడు నాలుగు సార్లు, ఇలా చేయాలి. ఆ తరవాత కొత్త నీళ్లలో 30 నిమిషాలు నాననివ్వండి.

పైన అంటుకుని ఉన్న పిండి పోకపోతే చక్రాలు ఒకదానికొకటి అతుక్కుంటాయి, వేగాక పైపొర గాజు పెంకులా గట్టిపడుతుంది. నానబెట్టడం వల్ల కొంత చక్కెర కూడా నీళ్లలోకి దిగుతుంది, అందువల్ల రంగు నిదానంగా వస్తుంది. ఇంకో లాభం కూడా ఉంది. పిండి పదార్థాలున్న దుంపల్ని 120 డిగ్రీలు దాటి వేయించినప్పుడు అక్రిలమైడ్ అనే హానికర పదార్థం తయారవుతుందని 2002లో స్వీడన్ పరిశోధకులు బయటపెట్టారు. వేయించే ముందు దుంప ముక్కల్ని 15 నుంచి 30 నిమిషాలు నీళ్లలో నానబెడితే అది తగ్గుతుందని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ చెబుతోంది. ముదురు రంగు రాకముందే దించడం కూడా అందుకే మంచిది.

నానబెట్టడానికి బదులు ఇంకో పద్ధతి ఉంది. లీటరు నీళ్లు మరిగించి ఒక టేబుల్ స్పూను వెనిగర్ కలపండి. కడిగిన చక్రాలను అందులో 2 నుంచి 3 నిమిషాలు ఉంచి, వెంటనే చన్నీళ్లలోకి మార్చి, వడకట్టండి. వెనిగర్ ఉండడం వల్ల చక్రాలు చిదిమిపోవు. చక్కెర బాగా దిగిపోతుంది కాబట్టి రంగు చాలా సమంగా వస్తుంది. శ్రమ కొంచెం ఎక్కువే. రంగు విషయంలో పదేపదే ఇబ్బంది పడేవాళ్లకు మాత్రం ఇదే సరైన దారి.

3. తుడవడం

చాలామంది తొందరపడేది ఇక్కడే. చిల్లుల గిన్నెలో ఐదు నిమిషాలు వడకట్టండి. తరవాత బట్ట మీద ఒకే వరుసలో పరిచి, ఇంకో బట్ట కప్పి, అరచేత్తో గట్టిగా అద్దండి. తిప్పి మళ్లీ అద్దండి. ఆపైన ఫ్యాను కింద పది నిమిషాలు వదిలేయండి. వేలితో తాకితే చల్లగా అనిపించవచ్చు కానీ వేలికి తడి అంటకూడదు.

పైన తడి మిగిలితే మొదటి ఐదారు నిమిషాలు ఆ తడి ఆవిరవడానికే పోతాయి. బాస్కెట్ అంతా ఆవిరితో నిండి ముక్కలు వేగడానికి బదులు ఉడుకుతాయి. ఒకసారి ఉడికి మెత్తబడిన చక్రం జాలీకి అతుక్కుని, తిప్పబోతే చిరిగిపోతుంది.

మైక్రోవేవ్ ఉంటే దగ్గరి దారి: టిష్యూ పరిచిన పళ్లెంలో చక్రాలను ఒక్క వరుసగా పేర్చి, ఎక్కువ పవర్‌లో 1 నుంచి 2 నిమిషాలు పెట్టండి. తడి చాలావరకు పోతుంది, ఫ్రయ్యర్‌లో సమయం నాలుగైదు నిమిషాలు కలిసొస్తుంది. రంగు మారేదాకా మాత్రం ఉంచొద్దు.

4. నూనె పట్టించడం

ఆరిన చక్రాలను వెడల్పాటి గిన్నెలో వేసి, 200 గ్రాములకు ఒక టీస్పూను నూనె చుక్కలుగా వేసి, రెండు చేతులతో ప్రతి చక్రానికీ తగిలేలా రుద్దండి. చూడడానికి చాలా తక్కువ అనిపిస్తుంది, సరిపోతుంది. నూనె బొత్తిగా మానేస్తే చిప్స్ ఎండుతాయి గానీ పెళుసుగా ఉండవు, గట్టిగా, పొడిపొడిగా ఉంటాయి, ఉప్పు కూడా అంటదు. రెండు టీస్పూన్లు దాటితే అదనపు నూనె కిందికి కారి పొగ వస్తుంది.

గ్యాస్ ఒత్తిడితో వచ్చే వంట స్ప్రే డబ్బాలు నేరుగా బాస్కెట్ మీద కొట్టకండి. వాటిలో కలిపే లెసిథిన్ లాంటివి నాన్‌స్టిక్ పూత మీద జిగటగా పేరుకుని, రుద్దినా పోవు. స్ప్రే కావాలంటే మామూలు నూనె పోసి చేత్తో నొక్కే సీసా వాడండి.

ఉప్పు ఇప్పుడు వద్దు. ఉప్పు తగలగానే ముక్కలోంచి నీరు పైకి వస్తుంది, ఇంతసేపు తుడిచిందంతా వృథా అవుతుంది.

5. ఫ్రయ్యర్ వేడిచేయడం

160 డిగ్రీల సెల్సియస్‌లో, ఫారన్‌హీట్‌లో అయితే 320, ఖాళీగా 3 నిమిషాలు వేడిచేయండి. ఈ సమయంలో లోపల బేకింగ్ పేపర్ పెట్టకండి. పైన బరువు లేని కాగితం గాలికి లేచి వేడి కాయిల్‌కి తగిలితే అంటుకుంటుంది. అసలు చిప్స్‌కి కాగితమే అక్కర్లేదు, కింది నుంచి గాలి రాకుండా అడ్డుపడుతుంది.

6. పేర్చడం

చక్రాలను ఒక్క వరుసలో పరవండి. అంచులు కొద్దిగా ఒకదానిమీద ఒకటి ఎక్కితే ఫరవాలేదు, ఎండుతున్నకొద్దీ కుంచించుకుని విడిపోతాయి. సగానికి సగం ఎక్కితే మాత్రం మధ్యలో తడి చిక్కుకుంటుంది. పైన లోహపు జాలీ బోర్లించండి. ఫ్యాను గాలికి సగం ఎండిన చక్రాలు తేలికపడి పైకి లేస్తాయి, కాయిల్‌కి అతుక్కున్న చక్రం మాడి ఫ్రయ్యర్ అంతా వాసన పట్టిస్తుంది. జాలీ స్థిరంగా కూర్చోవాలి, కాయిల్‌కి తగలకూడదు.

200 గ్రాములూ ఒకేసారి కుక్కితే సమయం ఆదా అవుతుందని అనిపిస్తుంది. కాదు. రెండు వాయిలు విడివిడిగా తీయడానికి పట్టే సమయమే దానికీ పడుతుంది, పైగా సగం మెత్తగా, సగం నల్లగా వస్తాయి.

7. వేయించడం

మొదటి 5 నిమిషాలు కదపకండి. అప్పుడు తీసి చూస్తే చక్రాలు వంగిపోయి, పైన మెరుస్తూ, కొన్ని అంటుకుని ఉంటాయి. అంటుకున్నవి చెక్క గరిటెతోనో సిలికాన్ పటకారుతోనో విడదీసి తిప్పండి. లోహపు చెంచాతో గీరితే పూత పోతుంది.

ఆ తరవాత ప్రతి 3 నిమిషాలకు ఒకసారి బయటికి లాగి, పై జాలీ తీసి, కుదిపి మళ్లీ పెట్టండి. లాగిన ప్రతిసారీ లోపలి ఆవిరి కూడా బయటికి పోతుంది, కాబట్టి ఇది తిప్పడానికి మాత్రమే కాదు. బాస్కెట్ లాగేటప్పుడు ముఖం దూరంగా ఉంచండి.

మొత్తం 15 నుంచి 20 నిమిషాలు పడుతుంది. 12వ నిమిషం నుంచి కొన్ని చక్రాలు మిగతావాటి కన్నా ముందే అవుతాయి. అయినవాటిని అయినట్టే ఏరి జాలీ స్టాండు మీదికి తీయండి. అన్నీ ఒకేసారి తీయాలనే పట్టుదల పెట్టుకుంటే మొదట అయినవి తప్పకుండా మాడతాయి. చివరి ఐదు నిమిషాలు ఫ్రయ్యర్ దగ్గరే ఉండాలి. లేత బంగారు రంగు నుంచి చేదు రంగుకు రావడానికి ఒకటి రెండు నిమిషాలు చాలు.

సొరుగులా లాగే బాస్కెట్ కాకుండా ఓవెన్ లాంటి ఫ్రయ్యర్ అయితే ఒక్క ట్రేనే, మధ్య అరలో పెట్టండి. రెండు ట్రేలు తప్పనిసరైతే ప్రతి 4 నిమిషాలకు పైది కిందికి, కిందిది పైకి మార్చాలి.

8. అయ్యాయో లేదో తేల్చుకోవడం

వేడిగా ఉన్నప్పుడు కొరికి చూసి తీర్పు చెప్పొద్దు. వేడి చిప్ కొంత వంగుతుంది, చల్లారాకే పెళుసెక్కుతుంది. మందంగా ఉన్న ఒక చక్రం తీసి జాలీ మీద 2 నిమిషాలు ఉంచి విరవండి. టక్కున విరిగితే అయినట్టు. వంగి ఆపై చిరిగితే ఇంకో 2 నిమిషాలు.

చెవితో కూడా పట్టుకోవచ్చు. బాస్కెట్ కుదిపినప్పుడు మొదట్లో మెత్తటి చప్పుడు వస్తుంది, తడి పోయాక గలగలమంటుంది. ఒకటి రెండు సార్లు వింటే ఈ తేడా మళ్లీ మర్చిపోరు.

అన్నిటికన్నా నమ్మకమైనది తూకం. బంగాళాదుంపలో సుమారు 80 శాతం నీళ్లే. అవి దాదాపు అన్నీ పోయి కొంచెం నూనె కలిస్తే, 100 గ్రాముల పచ్చి చక్రాలు 22 నుంచి 25 గ్రాముల చిప్స్ అవుతాయి. 30 గ్రాములు చూపిస్తోందంటే రంగు ఎంత బాగున్నా లోపల నీళ్లున్నట్టే, గంటలో మెత్తబడతాయి. అప్పుడు వేడిని 130 డిగ్రీలకు తగ్గించి 4 నుంచి 5 నిమిషాలు మళ్లీ పెట్టండి. ఆ వేడిలో రంగు పెద్దగా మారదు, తడి మాత్రం పోతుంది. రెండు మూడు వాయిలు ఇలా తూచాక మీ ఫ్రయ్యర్‌కి ఎన్ని నిమిషాలో తెలిసిపోతుంది, ఆపైన తూకం అవసరం ఉండదు.

9. ఉప్పు, కారం

దించిన వెంటనే, వేడిగా ఉండగానే ఉప్పు చల్లండి. పైన ఉన్న సన్నటి నూనెపొర ఆరిపోయాక చల్లితే ఉప్పంతా గిన్నె అడుగున మిగులుతుంది. రాళ్ల ఉప్పు నిలవదు. ఇంట్లో ఉన్న ఉప్పు గరుగ్గా ఉంటే మిక్సీలో ఒక తిప్పు తిప్పి మెత్తగా చేసుకోండి. కారం, వెల్లుల్లి పొడి కూడా ఇప్పుడే. ముందే కలిపి ఫ్రయ్యర్‌లో పెడితే కారం మాడి ఘాటు పొగ వస్తుంది, వెల్లుల్లి చేదెక్కుతుంది. నిమ్మరసం లాంటి తడి పులుపు వద్దు, క్షణాల్లో మెత్తబడతాయి. పులుపు కావాలంటే పొడి రూపంలో ఉన్నదే చల్లండి.

10. చల్లార్చడం

జాలీ స్టాండు మీద విడివిడిగా 10 నిమిషాలు. గిన్నెలో కుప్పగా పోస్తే అడుగున ఉన్నవాటి ఆవిరే పైవాటిని మెత్తబరుస్తుంది.

మిగతా కూరగాయలు

నీళ్లు, చక్కెర ఈ రెండూ ఎంతున్నాయన్నదాన్ని బట్టి కూరగాయ తీరు మారుతుంది. చక్కెర ఎక్కువుంటే వేడి తగ్గించాలి. నీళ్లు ఎక్కువుంటే సమయం పెంచాలి. దిగుబడి తగ్గుతుందని కూడా ముందే అనుకోవాలి.

చిలగడదుంప: మందం 1.5 మిల్లీమీటర్లు, 30 నిమిషాలు నానబెట్టాలి, 150 డిగ్రీల్లో 15 నుంచి 20 నిమిషాలు. చక్కెర వల్ల అంచులు తొందరగా రంగెక్కుతాయి, ఏరడం 10వ నిమిషం నుంచే మొదలుపెట్టండి. 100 గ్రాములకు 25 నుంచి 27 గ్రాములు రావాలి. దీన్ని వేడిగా విరిచి చూస్తే ఎప్పుడూ మెత్తగానే ఉంటుంది, 5 నిమిషాలు చల్లార్చి చూడాల్సిందే.

బీట్‌రూట్: అందరికీ ఎక్కువగా దెబ్బతినేది ఇదే. ముదురు ఎరుపులో రంగు మారడం కంటికి తెలియదు, మాడిన సంగతి చేదు తగిలాకే తెలుస్తుంది. నానబెట్టకండి, రంగు, తీపి రెండూ నీళ్లపాలవుతాయి. దానికి బదులు చక్రాలకు అర టీస్పూను ఉప్పు పట్టించి 15 నిమిషాలు ఉంచండి, నీరు ఊరుతుంది. గబగబా కడిగి, గట్టిగా అద్ది తుడవండి. ముందు ఉప్పు పట్టించడం ఇక్కడ మాత్రం మంచిదే, ఎందుకంటే ఆ నీటిని ఫ్రయ్యర్‌లోకి వెళ్లకముందే తుడిచేస్తున్నాం. తరవాత చల్లే ఉప్పు తగ్గించండి. 145 నుంచి 150 డిగ్రీల్లో 18 నుంచి 25 నిమిషాలు. 12వ నిమిషం తరవాత 2 నిమిషాలకోసారి చూడాలి. ఎరుపు పోయి గోధుమ ఛాయ కనిపించిన చక్రం అప్పటికే దాటిపోయినట్టు. 100 గ్రాములకు 14 నుంచి 16 గ్రాములు మాత్రమే వస్తాయి, ఇంత తక్కువా అని ఆశ్చర్యపోవద్దు. తుడిచే బట్ట పాతదైతే మంచిది.

క్యారెట్: చక్రాలు బాగా కుంచించుకుపోయి బిళ్లలంత అవుతాయి. కాబట్టి ఏటవాలుగా, పొడవైన ముక్కలు తరగండి. లేదా పీలర్‌తో పట్టీలు తీయండి. 150 డిగ్రీల్లో 12 నుంచి 18 నిమిషాలు. పట్టీలైతే 10 నిమిషాలకే అవుతాయి. దిగుబడి బీట్‌రూట్ లాగే.

అరటికాయ: మొదటిసారి చేసేవాళ్లకు అన్నిటికన్నా సులువైనది. నీళ్లు తక్కువ, పిండి ఎక్కువ. పండబారని, గట్టి కాయ తీసుకోండి. తరిగిన చక్రాలు గాలికి నల్లబడకుండా నేరుగా నీళ్లలోకే పడేలా తరిగి, 10 నిమిషాలు ఉంచి తుడవండి. 165 డిగ్రీల్లో 12 నుంచి 16 నిమిషాలు. పసుపు తిరిగిన కాయైతే తీపి ఎక్కువై బీట్‌రూట్ లాగే మాడుతుంది.

కేల్ లాంటి మందపాటి ఆకులు: నడిమి ఈనె తీసేసి, అరచేతిలో సగం ఉండే ముక్కలుగా చింపండి. అర టీస్పూను నూనెను ఆకుకు బాగా రుద్దండి. 150 డిగ్రీల్లో 5 నుంచి 7 నిమిషాలు. పైన జాలీ లేకుండా ఆకులు పెట్టనే వద్దు. ఆకు అంచు గోధుమ రంగుకు తిరిగితే చేదే, ఆకుపచ్చగా ఉండగానే తీయాలి.

జుకిని, దోస జాతి కాయలు: 95 శాతం దాకా నీళ్లే. 100 గ్రాములకు ఎనిమిది గ్రాముల చిప్స్ వస్తే గొప్ప, అవి కూడా అరగంటలో మెత్తబడతాయి. శ్రమకు తగ్గ ఫలితం ఉండదు. అయినా చేయాలనుంటే 3 మిల్లీమీటర్ల మందంతో తరిగి, ఉప్పు పట్టించి 20 నిమిషాలు నీరు తీసి, 120 డిగ్రీల్లో 40 నిమిషాలు పైగా ఓపిక పట్టాలి.

రకరకాల కూరగాయలు కలిపి ఒకే వాయిలో వేయొద్దు. కలపాలనుకుంటే వేగి చల్లారాక గిన్నెలో కలుపుకోండి.

ఏం తప్పు జరిగింది?

అంచులు నలుపు, నడుమ మెత్తన: వేడి ఎక్కువ. 15 డిగ్రీలు తగ్గించి 5 నిమిషాలు పెంచండి. తగ్గించినా అలాగే వస్తుంటే ఫ్రయ్యర్ చూపించే అంకె నిజం కాకపోవచ్చు. ఓవెన్ థర్మామీటర్‌ను బాస్కెట్‌లో పెట్టి 160 డిగ్రీల్లో 10 నిమిషాలు నడిపి చూడండి. 175 చూపిస్తే మీరు ఎప్పుడూ 145 పెట్టుకోవాలన్నమాట. థర్మామీటర్ లేకపోతే వాయి మొత్తం పెట్టేముందు ఐదు చక్రాలతో ఒక పరీక్ష చేసుకోండి.

రంగు బాగుంది, గట్టిగా ఉన్నాయి, పళ్లు నొప్పి: ముక్క మందం ఎక్కువ, లేదా పిండి సరిగ్గా కడగలేదు, లేదా నూనె మరీ తక్కువ. ఈ వరుసలోనే సరిచూసుకోండి.

ఒకదానికొకటి అతుక్కున్నాయి: పిండి, తడి, కుక్కి పెట్టడం. 5వ నిమిషంలో విడదీయడం మానేసినా ఇంతే. 10 నిమిషాలు దాటాక విడదీయబోతే విరుగుతాయి.

కొన్ని అయ్యాయి, కొన్ని కాలేదు: మందంలో తేడా కాకపోతే గాలి తేడా. చాలా ఫ్రయ్యర్లలో వెనకవైపు వేడి ఎక్కువ. కుదపడంతో సరిపెట్టక వెనకవాటిని చేత్తో ముందుకు మార్చండి.

ఫ్రయ్యర్ లోంచి తెల్ల పొగ: నూనె ఎక్కువైంది, లేదా కింది ట్రేలో పాత నూనె మిగిలి ఉంది. ఆపి, చల్లారనిచ్చి, తుడిచి మొదలుపెట్టండి. నల్ల పొగ వస్తే ఏదో కాయిల్‌కి తగిలి కాలుతున్నట్టు. వెంటనే ప్లగ్ తీసేయండి, పొగ ఆగేదాకా బాస్కెట్ లాగొద్దు.

రెండో వాయి మొదటిదాని కన్నా తొందరగా మాడింది: ఇది తప్పు కాదు, ఫ్రయ్యర్ అప్పటికే బాగా వేడెక్కి ఉంటుంది. రెండో వాయి నుంచి 2 నిమిషాలు ముందే చూడడం అలవాటు చేసుకోండి.

నిల్వ

పూర్తిగా చల్లారాకే, అంటే చేత్తో తాకితే గోరువెచ్చన కూడా లేనప్పుడే, బిగుతైన మూత ఉన్న డబ్బాలో పెట్టండి. కాస్త వెచ్చగా ఉండగా మూత పెడితే లోపల ఆవిరి పట్టి అన్నీ మెత్తబడతాయి. ఫ్రిజ్‌లో పెట్టొద్దు. బంగాళాదుంప, అరటికాయ చిప్స్ 3 రోజుల దాకా బాగుంటాయి. బీట్‌రూట్, క్యారెట్, చిలగడదుంప చిప్స్ తమ చక్కెరతో గాలిలోని తేమను లాక్కుంటాయి కాబట్టి మరుసటి రోజుకే తేడా తెలుస్తుంది. ఆకు చిప్స్ అదే రోజు తినేయండి. వానాకాలంలో ఈ గడువులన్నీ సగం చేసుకోవాలి.

మెత్తబడినవాటిని 130 డిగ్రీల్లో 3 నిమిషాలు పెట్టి, జాలీ మీద 5 నిమిషాలు చల్లారిస్తే మళ్లీ కరకరలాడతాయి. ఉప్పు, కారం అప్పటికే పట్టి ఉన్నవి కాబట్టి వేడి అంతకు మించి పెంచొద్దు. ఒకసారి ఇలా చేశాక మిగిలినవి మళ్లీ డబ్బాలోకి కాదు, అప్పుడే తినడానికి.